నీరు మార్చిననాడే చేపలేల చనిపోవును?

గాజు తొట్టిలో చేపలను, నీటి మొక్కలను పెంచువారు తరచుగా ఒక వింతను చెప్పుదురు. నెలల తరబడి నీరు మార్చకున్నను చేపలు హాయిగా తిరుగుచుండెనట. శుభ్రము చేయుదమని సగము నీరు తోడి బోరు నీరు పోసిన కొలది సేపటికే అవి పైకి వచ్చి నోళ్లు తెరచినవట. క్రొత్త నీటిలో విషమేదియు లేదు. విషము పాత నీటిలోనే కలదు. క్రొత్త నీరు దానిని మేలుకొలిపినది.

చేపల విసర్జనము, మిగిలిన మేత, క్రుళ్లిన ఆకులు, వీనినుండి అమ్మోనియా పుట్టును. నీటిలో ఇది రెండు రూపములలో నుండును. ఒకటి అమ్మోనియా వాయువు. ఇది మొప్పల గుండా రక్తములో చేరి చేపను చంపును. రెండవది అమ్మోనియం అయాను. దీనివలన హాని చాల తక్కువ. ఏ రూపము ఎంత ఉండునో ముఖ్యముగా నిర్ణయించునది నీటి పి.హెచ్. విలువ. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఆ విలువ 7 అయినచో విషరూపము నూటికి అరపాలు మాత్రమే. 8 అయినచో సుమారు 5 పాళ్లు. 9 అయినచో 36 పాళ్లు. 7 నుండి 8కి ఒక్క మెట్టెక్కినంతనే విషము పదిరెట్లగుచున్నదని గమనింపుడు.

అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులను 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు వేరుచేసి చూపెను. ఈ మార్పులో ఆమ్లము పుట్టి నీటిలోని బైకార్బొనేటును హరించును. నీరు మార్చని తొట్టిలో అది తరిగి పి.హెచ్. 6 దాపునకు దిగవచ్చును. అంతటి ఆమ్లత్వములో సూక్ష్మజీవుల పని మందగించి అమ్మోనియం పేరుకొనును. మొక్కలు దానిని ఎరువుగా కొంత పీల్చుకొనును గాని, చేపలెక్కువైనచో అంతయు పీల్చుకొనలేవు. అట్టి తొట్టిలో, ఉర్దూ మిత్రులు ఖారా పానీ అని పిలుచు మన బోరు నీటిని ఒక్కసారిగా సగము పోసినచో ఏమగునో పై అంకెలే చెప్పుచున్నవి.

కొందరు బోరు నీటిలో ముందుగానే ఆమ్లము కలుపుదురు. మేము దీనిని మెచ్చము. బైకార్బొనేటు ఉన్నంతవరకు ఆమ్లపు ఫలితము నిలువదు. అది తీరిపోయినంతనే పి.హెచ్. ఒక్కసారిగా పడిపోవును. చేపకు అంకె ఎంత అనుటకంటె అది నిలుకడగా ఉండుటయే మేలు.

కావున వారమునకొకసారి నాలుగవ వంతు నీరు మార్చవలెను. చాలకాలము మార్చని తొట్టిలోనైనచో మొదట అమ్మోనియాను, పి.హెచ్.ను రెండింటిని పరీక్షించి, దినమునకు పదవ వంతు చొప్పున మార్చవలెను. మునిసిపాలిటీ నీటిలో క్లోరిన్ ఉండును; ఫొటోగ్రాఫర్లు హైపో అను సోడియం థయోసల్ఫేటు దానిని పోగొట్టును. ఇక మొక్కలు పగలు కార్బన్ డయాక్సైడును గ్రహించుటచే పి.హెచ్. సాయంకాలమునకు పెరిగి, తెల్లవారుసరికి తగ్గును. ఉదయము మాత్రమే కొలిచి సరేననుకొనరాదు. చేపలు నోళ్లు తెరచుట కనబడినచో వెంటనే మేత ఆపి, గాలి పంపు నడిపి, అమ్మోనియాను బంధించు మందును అక్వేరియం దుకాణమునుండి తెచ్చి సీసాపై వ్రాసిన కొలత మేరకు కలుపవలెను.