తహసీల్దారు గోపన్న రామదాసు ఎట్లా అయ్యాడు?



ఈ వారం వీడియోలో రామదాసు కీర్తనలు విన్నారు కదా. ఆ పాటల వెనకున్న మనిషి గురించి ఇక్కడ కొంచెం వివరంగా చూద్దాం.

మాది రామగుండం. మా బాపు బొగ్గు బాయిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. మా దగ్గర పారే గోదావరి మంథని, కాళేశ్వరం దాటి భద్రాచలం చేరుతుంది. "ఈ నీళ్ళే రాములోరి కాడికి పోతయ్ బిడ్డా" అనేవాడు బాపు. నాకు రామదాసు అట్లా పరిచయం.

ఉద్యోగం

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దం మనిషి. ఊరు ఇప్పటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. తల్లి కామాంబ, తండ్రి లింగన్న. 1672లో తానీషా గోల్కొండ సుల్తాన్ అయ్యాక అక్కన్న, మాదన్న సోదరులు ఆ కొలువులో చక్రం తిప్పారు. వాళ్ళు గోపన్నకు మేనమామలని చెబుతారు. వాళ్ళ చలవతోనే ఆయనకు పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. మన భాషలో రిఫరల్ అన్నమాట! శిస్తు వసూలు చేసి గోల్కొండకు పంపడం ఆయన పని.

గుడి, చెరసాల

భద్రాచలం ఆ పరగణాలోదే. పోకల దమ్మక్క పందిరి వేసి కొలుస్తున్న రాముడికి గోపన్న గుడి కట్టించాడు. శిస్తు సొమ్ము దానికి వాడాడన్న నేరంపై గోల్కొండలో ఖైదు చేశారు. పన్నెండేళ్ళు అందులోనే ఉన్నాడంటారు. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించి విడిపించారని భక్తుల నమ్మకం. ఆ చెరసాలను గోల్కొండ కోటలో ఇప్పటికీ చూపిస్తారు.

మరి అది తప్పు కాదా?

ఆఫీసులో ఒక ఫ్రెండ్ అడిగాడు: "ప్రభుత్వ సొమ్ముతో గుడి కడితే తప్పు కాదా?" అప్పుడు నాకు జవాబు దొరకలేదు. తర్వాత 'ఇక్ష్వాకు కుల తిలక' కీర్తన శ్రద్ధగా విన్నాను. అందులో ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎంత పట్టిందో అంకెలతో సహా చెబుతాడు. కోపంతో రాముణ్ణే నిలదీస్తాడు. చివరికి, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని క్షమాపణ అడుగుతాడు.

భక్తుల కథలో కూడా బాకీ మాఫీ కాలేదు, పూర్తిగా చెల్లింది. భక్తి ఉంది కాబట్టి లెక్క అవసరం లేదని రాముడు కూడా అనలేదు!

ఇది నాకు ఎందుకు తగిలిందంటే, పోయినేడు నేను చేసిన ఒక చిన్న మార్పు వల్ల మా సిస్టమ్ ఆగిపోయింది. కాల్‌లో అందరూ ఒక జూనియర్‌ను అనుమానిస్తుంటే అరగంట నోరు మెదపలేదు. రోజూ పూజ చేసేవాణ్ణే! చివరికి ఒప్పుకున్నాను గానీ, ఆ అరగంట ఇంకా గుచ్చుతూనే ఉంది. రామదాసు తన ఖర్చు, కోపం, భయం ఏదీ దాచకుండా దేవుడి ముందు పెట్టాడు. నాకు మనుషుల ముందే నోరు రాలేదు.

సుమారు వందేళ్ళ తర్వాత 1767లో పుట్టిన త్యాగరాజస్వామి తన కీర్తనల్లో రామదాసును తలుచుకున్నారు. అంత గొప్ప వాగ్గేయకారుడి జీవితం మాత్రం ఒక సర్కారు ఉద్యోగంతో మొదలైంది.

ఈ వారం ఒక పని చేద్దాం. ఆ కీర్తన ఒకసారి పూర్తిగా వినండి. తర్వాత మనం ఎవరికి ఏ లెక్క చెప్పకుండా దాచామో ఆలోచించి, ఒక్కటైనా చెప్పేద్దాం.

జై శ్రీరామ్!