కొత్తిమీర – ధనియాలు: ఒక మొక్క, రెండు పరిమళములు

మన యానాం ఇండ్లలో చారు కాచునపుడు ధనియాల పొడి ముందు పడును. కొత్తిమీర పొయ్యి దించునపుడు పడును. ఈ క్రమము పెద్దలు మనకు నేర్పినదే. ఒకే మొక్కనుండి వచ్చిన రెండింటిని ఇట్లు వేరువేరు సమయములందు వేయనేల? ఈ ప్రశ్నతో మేము ఈ పాఠమును ఆరంభించుచున్నాము.

1954 వరకు ఇచ్చట ఫ్రెంచి పాలన సాగెను. ఫ్రెంచి భాషలో ఆకునకును, గింజకును ‘కొరియాండ్ర్’ అను ఒక్కటే మాట. పుదుచ్చేరిలోని మన తమిళ సోదరులును రెండింటిని ‘కొత్తమల్లి’ యని పిలుచుట కలదు. తెలుగున మాత్రము ఆకు కొత్తిమీర, గింజ ధనియాలు. ఈ భేదమునకు రసాయన శాస్త్రమునందును ఆధారమున్నది.

ఆకును నలిపినపుడు వచ్చు ఘాటైన వాసనకు ముఖ్యకారణము డెకనాల్, డెసినాల్, డోడెసినాల్ మొదలగు ఆల్డిహైడులు. పండిన ధనియాల తైలములో నూటికి 60 మొదలు 80 వంతుల వరకు ఉండునది లినలూల్ అను వేరొక పదార్థము. కాయ పచ్చిగా ఉన్నంతకాలము ఆకు వాసనయే వచ్చును. పండిన కొలది ఆల్డిహైడులు తగ్గి, తీయని సువాసన పైకి వచ్చును. ఆకులోని వాసన వేడికి త్వరగా ఎగిరిపోవును గనుక దానిని చివర వేయుదుము. ధనియాల తైలము గింజలోని సన్నని నాళములందు దాగియుండును గనుక వేచి, దంచి వాడుదుము. మన ప్రశ్నకు సమాధానము ఇదియే.

ఇక పెరుగుదల విషయము. కొత్తిమీర చల్లని వాతావరణమును కోరును. ఎండలు ముదిరి, పగళ్లు పొడవైనపుడు ఆకు వేయుట మాని, త్వరగా పూతకాడ వేయును. ఆకులు దారపు పోగులవలె సన్నబడును. వేసవిలో కుండీలో చల్లిన ధనియాలు ఇట్లు కాగా, విత్తనము చెడ్డదని మనము విసుగుకొందుము. దోషము తరచు విత్తనముది కాదు, ఋతువుది. లేదా రకమును ఎన్నుకొనుటలోనిది.

రకములలో భేదము చాల గలదు. గింజ పరిమాణమును బట్టి శాస్త్రజ్ఞులు ధనియాలను రెండు తెగలుగా విభజించిరి. రష్యా మొదలగు చల్లని దేశములలో పండు చిన్నగింజలలో తైలము నూటికి ఇంచుమించు 0.8 నుండి 1.8 వంతులు. మన దేశమున పండు పెద్దగింజలలో అది 0.1 నుండి 0.35 వంతులు మాత్రమే. కావున గింజ పెద్దదైనచో వాసనయు అధికమని తలచుట పొరపాటు.

గుంటూరు సమీపమున లాం నందలి పరిశోధనా స్థానము మన ప్రాంతమునకు తగిన రకములను విడుదల చేసినది. వానిలో స్వాతి గింజకొరకు పెంచునది. 80, 90 దినములలో కోతకు వచ్చును. సింధు, సాధన రకములకు సుమారు నూరు దినములు పట్టును. సురుచి ప్రధానముగ ఆకుకొరకు ఉద్దేశింపబడినది. కట్టలు కట్టి అమ్ము రైతునకు ఆలస్యముగా పూయు రకము లాభము. తేమ ఆరిపోవుచున్న నల్లరేగడిలో గింజ పండించు రైతునకు త్వరగా పండునదియే మేలు. ఒకరికి గుణమైనది వేరొకరికి నష్టము.

దీనిని మీరే పరీక్షింపవచ్చును. ఒకే మట్టి నింపిన నాలుగు కుండీలు తీసికొనుడు. రెండింటిలో వంటింటి ధనియాలు, రెండింటిలో ఆకురకపు విత్తనములు ఒకే దినమున వేయుడు. గింజను మెల్లగా నలిపి రెండు బద్దలుగా విడదీసి, ఒక రాత్రి నానబెట్టినచో మొలక సులభమగును. మందు పట్టించిన విత్తనములైనచో చేతులతో ముట్టరాదు. వానిని అట్లే పెద్దలచేత వేయింపుడు. మొలచిన దినము, ఆకుల సంఖ్య, పూతకాడ కనిపించిన దినము వ్రాసికొనుడు. ముప్పదియైదవ దినమున ప్రతి కుండీనుండి సమానమైన తూకముగల ఆకు కోసి, నలిపి, పేరు తెలియకుండ అయిదుగురు మిత్రులచేత వాసన చూపింపుడు. ఒక్కరి ముక్కును నమ్మరాదు. కొందరికి కొత్తిమీర సబ్బువలె తోచుటకు వాసనను గుర్తించు ఒక జన్యువుతో సంబంధము కలదని 2012లో ఒక పరిశోధన తెలిపినది.

ఈ పరీక్షను కార్తికమున ఒకసారి, చైత్రమున ఒకసారి చేయుడు. ఏపుగా ఎదిగిన మొక్కయే మిక్కిలి పరిమళించునదియా, కాదా యని మీ పుస్తకములోని అంకెలే చెప్పును. ఫలితములను మీ సైన్సు మాస్టారుగారికి చూపి, రాబోవు సంచికకు పంపుడు. ఇంటిలో అమ్మకు కూడ చెప్పుడు. ఏ నెలలో ఏ విత్తనము వేయవలెనో తెలిసినచో వేసవిలో కొత్తిమీర కట్టకై ఆమె బజారుకు పోవలసిన అవసరము కొంత తగ్గును.