రెండు బ్యాటరీలు మార్చినా సెల్ఫ్ తీసుకోవడం లేదు

ప్రశ్న: రోజూ దేవరకొండ నుంచి నల్లగొండకు బండి మీదే వెళ్తాను. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాను. అయినా పొద్దున సెల్ఫ్ తీసుకోదు. ఎందుకు సార్?

జవాబు: మూడోది కొనకండి తమ్ముడూ. ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. ఆపి ఉన్న బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 దాకా రావాలి. 13 దాటకపోతే ఛార్జింగ్ అందడం లేదు. 15 దాటిందంటే రెగ్యులేటర్ పోయినట్టే, బ్యాటరీ ఉడికిపోతుంది.

రెగ్యులేటర్ కప్లర్ ఊడదీసి చూడండి. చాలా బండ్లలో పసుపు వైర్ల దగ్గర ప్లాస్టిక్ కరిగి, పిన్ను నల్లబడి ఉంటుంది. మన ఎండలకు ఆ వేడి తోడవుతుంది. కప్లర్ బాగుంటే, ఇంజిన్ ఆన్ చేసి ఆ మూడు పసుపు వైర్లను రెండేసి చొప్పున ఏసీలో కొలవండి. ఒక జత తక్కువ చూపితే ఛార్జింగ్ కాయిల్ కాలింది. దాన్ని మార్చకుండా ఎన్ని బ్యాటరీలు వేసినా నిలవవు.