చవక బైనాక్యులర్స్ కొన్నవారికీ చట్టం అండ ఉంది

చలికాలం రాగానే నేలపట్టులో గూడబాతులను, పులికాట్‌లో ఫ్లెమింగోలను చూడటానికి కుటుంబాలు బయల్దేరతాయి. పిల్లలు అడిగారని ఎనిమిది వందలో వెయ్యో పెట్టి ఆన్‌లైన్‌లో బైనాక్యులర్స్ తెప్పిస్తారు. తీరా చెరువు గట్టున నిలబడి చక్రం ఎంత తిప్పినా ఒక కంటికి స్పష్టంగా కనిపించిన పక్షి రెండో కంటికి మసకగానే ఉంటుంది. కొన్నింట్లో ఒకే పక్షి రెండుగా కనిపిస్తుంది. అమ్మినవారిని అడిగితే, "ఆ రేటుకు అంతేనండీ" అంటారు. చాలామంది ఆ మాటతో ఊరుకుంటారు. ఊరుకోవాల్సిన పని లేదు.

2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) లోపం అంటే ఏమిటో చెబుతుంది. వస్తువుకు చట్టం ప్రకారం, ఒప్పందం ప్రకారం ఉండాల్సిన నాణ్యత, ప్రమాణం లేకపోతే అది లోపం. వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం లేకపోయినా లోపమే. ఈ నిర్వచనంలో ధర ప్రస్తావన ఎక్కడా లేదు. చవకగా కొన్నారు కాబట్టి హక్కు తగ్గుతుందనే వాదన చట్టంలో లేనిది.

అయితే ఫిర్యాదుకు ముందు, తేడా వస్తువులో ఉందా వాడకంలో ఉందా అన్నది తేల్చుకోవాలి. ఇద్దరు మనుషుల కళ్ల పవరే కాదు, ఒక మనిషి రెండు కళ్ల పవరూ ఒకేలా ఉండకపోవచ్చు. అందుకే మధ్య చక్రంతో పాటు సాధారణంగా కుడి ఐపీస్ దగ్గర డయాప్టర్ రింగు అనే మరో సర్దుబాటు ఉంటుంది. దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలను గురి చేసుకుని, కుడివైపు కటకాన్ని మూసి ఎడమ కంటికి మధ్య చక్రంతో స్పష్టత తెచ్చుకోవాలి. తర్వాత ఎడమవైపు మూసి, మధ్య చక్రం కదపకుండా రింగు తిప్పి కుడి కంటికి సరిచేసుకోవాలి. చాలామంది మసక ఇక్కడే తొలగిపోతుంది. అసలు చక్రమే లేని 'ఫోకస్ ఫ్రీ' రకాలూ ఉన్నాయి. వాటిలో దగ్గరి వస్తువులు స్పష్టంగా కనబడవు. ఆ సంగతి ముందే చెప్పి అమ్మితే దాన్ని లోపమని వాదించడం కష్టం.

ఇంత చేసినా బొమ్మ రెండుగానే కనిపిస్తుంటే, లోపలి పట్టకాలు గానీ కటకాలు గానీ వరస తప్పాయన్నమాట. కాసేపు చూస్తే తలనొప్పి వస్తుంది. చవక రకాల్లో మరో జబ్బు, రెండు ఐపీస్‌లను మోసే అడ్డపట్టీ వదులుగా ఉండటం. కంటికి ఆనించగానే అది ఒరిగి, కుదిరిన ఫోకస్ చెదిరిపోతుంది. ఇవి తయారీ లోపాలు. సొంతంగా మరలు విప్పి సరిచేయబోతే కేసు బలహీనపడుతుంది. విప్పకుండా, ఉన్నదున్నట్టుగా వీడియో తీసిపెట్టుకోవడం మేలు.

కొనుగోలుదారు చేతిలోని అసలు బలం అమ్మకందారు రాసిన మాటే. పక్షులు చూసేవారు ఎక్కువగా వాడేవి 8 × 40, 10 × 42 లాంటివి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. కొన్ని చవక పెట్టెల మీద మాత్రం 60 × 60 అని కనిపిస్తుంది. అరవై రెట్లు పెంచే పరికరాన్ని చేత్తో పట్టుకుంటే బొమ్మ నిలవదు. ముందు కటకం మీద స్కేలు పెట్టి చూస్తే 60 మిల్లీమీటర్లలో సగం కూడా తేలకపోవచ్చు. స్కేలుతో తీసిన ఆ ఫొటో, పక్కనే పెట్టె మీది అంకె, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ ఉంటే వాదన సూటిగా సాగుతుంది. లోపలి లోపాన్ని పరీక్షతో తప్ప తేల్చలేని పరిస్థితి వస్తే వినియోగదారుల కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపవచ్చు. ఆ రుసుము ముందుగా ఫిర్యాదుదారే కట్టాల్సి రావచ్చు. వెయ్యి రూపాయల వస్తువుకు అది భారం. అందుకే కంటితో, కొలతతో తేలే తేడాను ఫిర్యాదులో ముందుంచడం తెలివైన పని.

ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఈ-కామర్స్ నిబంధనలు, 2020 వర్తిస్తాయి. లోపమున్న వస్తువును, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. వేదిక నడిపే సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. దుకాణంలో కొన్నవారికి వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(47) ఉంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. 'ఏడు రోజులు దాటింది, ఇక మాకు సంబంధం లేదు' అన్న జవాబుతో దారులన్నీ మూసుకుపోవు. ఫిర్యాదుకు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల వరకు కమిషన్‌కు వెళ్లవచ్చు.

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం మంచిది. కేసు దాకా వెళ్లకుండానే అక్కడ తేలే అవకాశం ఉంటుంది. తేలకపోతే జిల్లా కమిషన్. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవాలన్న నియమమూ లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. అమ్మినవారు ఢిల్లీలో ఉన్నా నెల్లూరువాసి నెల్లూరులోనే ఫిర్యాదు చేయవచ్చు. వివాదం ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలని షరతుల్లో రాసుకున్నా అది వినియోగదారుల ఫోరానికి అడ్డు కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది.

తిరిగి అమ్ముకోవడానికి కొన్న వ్యాపారికి ఈ చట్టం వర్తించదు. కానీ పర్యాటకులకు పక్షులను చూపించి పొట్టపోసుకునే గైడ్ తన పనికి కొనుక్కుంటే అతను వినియోగదారుడే. స్వయం ఉపాధి కోసం కొన్నవారిని చట్టం కాపాడుతుంది.

లోపం రుజువైతే బాగుచేయించమని, కొత్తది ఇమ్మని, డబ్బు వాపసు చేయమని, జరిగిన నష్టానికి పరిహారం కట్టమని కమిషన్ ఆదేశించగలదు. వెయ్యి రూపాయల వస్తువుకు లక్షల పరిహారం కోరితే మాత్రం ఫిర్యాదు బలహీనపడుతుంది. కాబట్టి బిల్లు, పెట్టె దాచిపెట్టుకోండి. ఫిర్యాదులో 'సరిగా కనబడటం లేదు' అని రాసి వదిలేయకండి. పెట్టె మీద ఎంతని రాశారో, కొలిస్తే ఎంత వచ్చిందో అంకెలతో రాయండి.