లూపస్ రోగులు - ఊపిరితిత్తుల బాధలు

దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారి తప్పి ఆ దేహముపై తిరుగబడుట లూపస్ వ్యాధి. ఇది అంటువ్యాధి కాదు. రోగులలో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలు. అందును 15 మొదలు 45 ఏండ్ల వయస్సువారే అధికము. కీళ్లనొప్పులు, చెంపలపై ఎఱ్ఱని మచ్చలు, జుట్టు రాలుట మున్నగు లక్షణములను పలువురు ఎరుగుదురు. ఊపిరితిత్తుల సంగతి మాత్రము తరచు మరుగున పడుచున్నది.

ఊపిరితిత్తులను చుట్టియుండు పలుచని పొర వాచుట వీనిలో అన్నిటికంటె సామాన్యము. గట్టిగా ఊపిరి పీల్చినను, దగ్గినను ప్రక్కలో కత్తితో పొడిచినట్లుండును. పొరల నడుమ నీరు చేరవచ్చును. జ్వరము, దగ్గు తోడైనచో ఇంటివారు దీనిని క్షయయని తలచుట సహజమే. మన దేశమున క్షయ అంతగా వ్యాపించియున్నది. అయినను కేవలము ఊహమీద క్షయ మందులు మ్రింగించుట ఎంత పొరపాటో, లూపస్ ఉన్నది గదా యని ప్రతి దగ్గును దానికే అంటగట్టుటయు అంత పొరపాటే. ఏలయన లూపస్‌నకు వాడు స్టిరాయిడ్ మందులు రోగనిరోధక శక్తిని తగ్గించును. అట్టివారికి క్షయ, న్యుమోనియా సులువుగా సోకును. ఒకే మనిషిలో రెండు వ్యాధులును ఉండవచ్చును. కావున కళ్లె పరీక్ష, ఎక్స్‌రే, అవసరమైనచో ప్రక్కలోని నీటి పరీక్ష జరిగిన పిమ్మటనే చికిత్స నిర్ణయింపవలెను. క్షయకు పరీక్షయు మందులును ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము.

కొందరికి ఊపిరితిత్తులు క్రమముగా గట్టిపడి, మెట్లెక్కినంతనే ఆయాసము వచ్చును. మరికొందరి రక్తము సులభముగా గడ్డకట్టును. కాలి సిరలో ఏర్పడిన గడ్డ ఊపిరితిత్తులకు కొట్టుకొనిపోయి ప్రాణాపాయము తెచ్చును. ఒక్క కాలు మాత్రమే వాచి నొప్పిపుట్టుట దీనికి ముందు గుర్తు కావచ్చును. దగ్గుతో నెత్తురు పడినను, పెదవులు నీలివర్ణమైనను, కూర్చున్నచోటనే ఊపిరాడకున్నను తెల్లవారువరకు వేచియుండరాదు.

లూపస్ చికిత్సకు నేడు ముఖ్యాధారమైన హైడ్రాక్సీక్లోరోక్విన్ చలిజ్వరపు మందుల కుటుంబములోనిది. 1898లో రొనాల్డ్ రాస్ పక్షులపై పరిశోధించి, చలిజ్వరము దోమకాటువలన సంక్రమించు విధమును తేల్చినది నాటి కలకత్తాలోని ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రిలో. అదియే నేటి కోల్‌కతా ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రి. ఇప్పుడచ్చట కీళ్లవాత రోగములకును, లూపస్ వంటి వ్యాధులకును ప్రత్యేక విభాగము కలదు. టిటాగఢ్ జూట్ మిల్లుల ప్రాంతమునను, ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమునను స్థిరపడిన తెలుగు కుటుంబములవారు ఈ సంగతి తెలిసికొనియుండుట మేలు. 2020లో కోవిడ్‌ను మాన్పునను నమ్మకముతో జనులు ఈ మందును కొని దాచుకొనగా, నిజముగా అవసరమైన లూపస్ రోగులు దానికై అంగళ్లు తిరుగవలసివచ్చెను. కోవిడ్‌నకు అది పనికిరాదని పిమ్మట తేలినది.

నొప్పి తగ్గినదని స్టిరాయిడ్ మాత్రలను ఒక్కసారిగా మానరాదు. చాలకాలము వాడినవారి దేహము తనంతట తాను ఆ పదార్థమును తయారుచేయుట తగ్గించుకొనియుండును. హఠాత్తుగా మానినచో రక్తపుపోటు పడిపోయి రోగి కుప్పకూలవచ్చును. డాక్టరు చెప్పిన ప్రకారము మెల్లమెల్లగా తగ్గింపవలెను. పొగత్రాగుట, కట్టెల పొయ్యి పొగ ఈ రోగులకు మిక్కిలి హాని. న్యుమోనియా రాకుండ వేయు టీకానుగూర్చి వైద్యుని అడుగవలెను. ఆసుపత్రికి పోవునపుడు పాత ఎక్స్‌రేలను వెంట కొనిపోవలెను. ఛాతీలో కనబడు నీడ క్రొత్తదో పాతదో వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడే తెలియును.