ఒకే సిరా, మూడు కాగితాలు: రంగు కొలతను ఎంతవరకు నమ్మవచ్చు?

శివకాశిలో అచ్చయ్యే క్యాలెండర్లు మనందరి ఇళ్లలోనూ ఉంటాయి. ఆర్ట్ పేపరు మీద నిగనిగలాడే ఎరుపు, అదే సిరాతో మ్యాప్‌లిథో మీద వేస్తే వెలిసినట్టు, న్యూస్‌ప్రింట్ మీద ఇంకా మసకగా కనిపిస్తుంది. ఇది సిరాలోని లోపం కాదు. ఆర్ట్ పేపరుకు పైపూత ఉంటుంది కనుక సిరా పైనే నిలుస్తుంది. పూత లేని కాగితం సిరాను పీల్చుకుంటుంది.

ఈ తేడాను అంకెలలో చెప్పే పరికరం స్పెక్ట్రోఫోటోమీటర్. 1976 నాటి సి.ఐ.ఇ. పద్ధతిలో ప్రతి రంగుకు మూడు అంకెలు ఉంటాయి: ఎల్ (వెలుగు), ఎ (ఎరుపు-ఆకుపచ్చ), బి (పసుపు-నీలం). రెండు రంగుల మధ్య దూరాన్ని డెల్టా-ఇ అంటారు.

ఉదాహరణ: ప్రూఫుకూ అచ్చుకూ ఎల్‌లో 1, ఎ-లో 2, బి-లో 2 తేడా ఉందనుకుందాం. వర్గాల మొత్తం 1+4+4=9. వర్గమూలం 3. అంటే డెల్టా-ఇ 3.

ఈ 3 అంతా రంగులోని తేడాయేనా? నిర్ణయించే ముందు ఇవి పరీక్షించాలి.

1. పరికరాన్ని కదపకుండా ఒకే చోట పదిసార్లు కొలవాలి. అంకెలు మారితే ఆ మార్పు పరికరానిది.

2. అదే రంగుపట్టీపై పది చోట్ల కొలవాలి. అదనంగా వచ్చిన మార్పు కాగితానిది, సిరా పరచుకున్న తీరుది. గరుకు కాగితంపై ఎక్కువ చోట్ల కొలిచి సగటు తీయాలి.

3. పలుచని కాగితం కింద నల్ల అట్ట ఉంటే ఒక అంకె, తెల్ల అట్ట ఉంటే మరో అంకె వస్తుంది. అన్నిటికీ ఒకే అట్ట వాడాలి.

4. కాగితంలో కలిపే తెలుపు రసాయనాలు అతినీలలోహిత కిరణాలను పీల్చి నీలి వెలుగునిస్తాయి. అందుకే ఐ.ఎస్.ఓ. 13655 ప్రమాణంలో ఆ కిరణాలు కలిసిన ఎమ్1, వాటిని తొలగించిన ఎమ్2 అనే స్థితులు వేరుగా ఉన్నాయి. ఏది వాడామో నివేదికలో రాయాలి.

5. తడి సిరా ఆరితే రంగు మారుతుంది. తడి అచ్చును ఆరిన ప్రూఫుతో పోల్చరాదు.

చోటు మారితేనే 2 వరకు తేడా వచ్చే కాగితంపై, ఒక్క కొలతలో 3 వచ్చిందని వేల షీట్లను తిరస్కరించడం న్యాయం కాదు. 0.3 మాత్రమే మారే ఆర్ట్ పేపరుపై అదే 3 వస్తే అది నిజమైన తేడాయే. సరకు నష్టమూ, పనివాడిపై నిందా ఈ వివేచనపైనే ఆధారపడి ఉంటాయి.

దీనికి కావలసినవి సగటు, వర్గమూలం, కొంత భౌతికశాస్త్రం. ప్లస్ టూ చదివే పిల్లల తల్లిదండ్రులు గమనించగలరు: చెన్నై అన్నా యూనివర్సిటీ గిండీ ప్రాంగణంలో ప్రింటింగ్, ప్యాకేజింగ్ టెక్నాలజీలో బి.ఇ. చదువు ఉంది.