వాగొడ్డున 24 బళ్లు

ప్రశ్న:



మా నాన్నగారు డాక్టరు. 1970ల్లో గుంటూరు నుంచి అమెరికా వచ్చి, చివరికి టెక్సస్‌లో ఒక పల్లెటూరి ఆసుపత్రిలో స్థిరపడ్డారు. పొలం లేని బతుకు ఆయనకు నచ్చేది కాదు. 1988లో లానో కౌంటీలో 42 ఎకరాలు కొన్నారు. మెరక మీద ఇల్లు, కింద వాగు, మధ్యలో రాతి నేల, ఓక్ చెట్లు. పక్క రైతు తన ఆవుల్ని మా పొలంలో మేపుకుంటూ ఏటా కొంత కౌలు ఇస్తాడు. నాన్నగారు 2021లో పోయారు. విల్లు రాయలేదు. అమ్మకు 76 ఏళ్లు. ఆ ఇంట్లో ఒక్కర్తే ఉంటోంది. ఎవరు పిలిచినా నాలుగు రోజులు ఉండి మళ్లీ అక్కడికే పోతుంది.

నేను రౌండ్ రాక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రెండుసార్లు లేఆఫ్ అయ్యి మళ్లీ దొరికిన ఉద్యోగం ఇది. దీని మీద నమ్మకం లేదు. 2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం మా పొలం మీదుగానే వెళ్లింది. స్నేహితులు ఆర్‌వీలు, అంటే లోపలే వండుకుని పడుకునే బళ్లు, అద్దెకు తెచ్చుకుని వాగొడ్డున మూడు రోజులున్నారు. ఆ రోజు మబ్బులు పట్టినా ఎవరూ బాధపడలేదు. ‘ఇంత మంచి చోటు ఖాళీగా పెట్టుకున్నావేంటి?’ అన్నారు. అప్పటి నుంచీ నా మనసంతా దీని మీదే ఉంది.

నా ప్లాను ఇది. వాగు వెంబడి ఆర్‌వీలు నిలుపుకునే 24 సైట్లు. ప్రతి సైటుకీ 50 ఆంపుల కరెంటు, మంచినీళ్లు, సీవర్ కనెక్షన్. రాత్రికి 45 డాలర్ల చొప్పున సంవత్సరానికి 3,94,200 డాలర్లు వస్తుంది. అందులో సగం వచ్చినా ఉద్యోగం మానేయొచ్చు. బ్యాంకు లోను కోసం కాగితాలు సిద్ధం చేస్తున్నాను.

న్యూజెర్సీలో ఉన్న అక్క ‘అమ్మేసి మూడు వాటాలు వేసుకుందాం’ అంటోంది. సియాటిల్‌లో ఉన్న అన్నయ్య ‘నా వాటా డబ్బిచ్చేసి నీ ఇష్టమొచ్చింది చేసుకో’ అంటున్నాడు. మా ఆవిడేమో ముందు అత్తయ్యను మన ఇంటికి తెచ్చుకుందాం, మిగతాది తర్వాత అంటుంది. సంక్రాంతికి జరిగిన గొడవ తర్వాత అక్కా నేనూ మాట్లాడుకోవడం లేదు. నాన్న కొన్న భూమిని నిలబెట్టాలనుకోవడం తప్పా? నా ప్లానులో లోపం ఉంటే చెప్పండి.

— ఒక పాఠకుడు, రౌండ్ రాక్, టెక్సస్

జవాబు:

మీ ఉత్తరంలో అక్క మాట ఉంది, అన్నయ్య మాట ఉంది, మీ ఆవిడ మాట కూడా ఉంది. ఆ భూమి మీద రోజూ నిద్రలేచే మనిషి మాట ఒక్కటీ లేదు. అమ్మను అడిగారా?

మర్యాద కోసం అడుగుతున్న ప్రశ్న కాదిది. టెక్సస్‌లో దంపతులు కాపురం చేస్తుండగా సంపాదించుకున్న ఆస్తి మామూలుగా ఇద్దరిదీ. భర్త విల్లు రాయకుండా పోతే, పిల్లలందరూ ఆ దంపతుల పిల్లలే అయితే, ఆ ఉమ్మడి ఆస్తిలో భర్త సగం కూడా భార్యకే వెళుతుంది. మీరు చెప్పిన వివరాల ప్రకారం ఆ 42 ఎకరాలూ ఇవాళ అమ్మగారివి. మీ ముగ్గురూ లేని వాటాల మీద పోట్లాడుకుంటున్నారు. అన్నయ్యకు ఇవ్వాల్సిన డబ్బూ లేదు, అక్క అమ్మగలిగిన భూమీ లేదు, మీరు బ్యాంకులో తాకట్టు పెట్టగలిగిందీ లేదు. ఎస్టేటు వ్యవహారాలు చూసే అక్కడి లాయరుకు దస్తావేజు చూపించి ఈ సంగతి రూఢి చేసుకోండి. వారసత్వ అఫిడవిట్ ఇంకా కౌంటీలో రికార్డు చేయించకపోతే ముందు ఆ పని చేయించండి. అమ్మ ఉంటున్న ఇల్లు ఆమె హోమ్‌స్టెడ్, అంటే చట్టం కాపాడే సొంత నివాసం కాబట్టి, టెక్సస్ చట్టం దాన్ని వ్యాపార అప్పులకు సులువుగా తాకట్టు పెట్టనివ్వదు. అదొక విధంగా మీ అందరికీ మేలే.

ఈ మాట అక్కకు మీరే ఫోన్ చేసి చెప్పండి. ఇద్దరి పట్టుదలకూ ఆధారం లేదని తెలిశాక, పలకరించుకోవడానికి ఏ అడ్డూ ఉండదు.

ఇక మీ ప్లాను. అందులో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ‘వాగు వెంబడి’ అన్న రెండు మాటలు. టెక్సస్ హిల్ కంట్రీని ఫ్లాష్ ఫ్లడ్ ఆలీ అంటారని మీకు తెలిసే ఉంటుంది. పలచని మట్టి, కింద రాయి, నిటారు వాలు కావడంతో కురిసిన వాన ఇంకదు, దొర్లుకుంటూ వచ్చేస్తుంది. 2018 అక్టోబరులో జంక్షన్ దగ్గర సౌత్ లానో నది పొంగి ఒక ఆర్‌వీ పార్కును తుడిచిపెట్టింది, మనుషులు పోయారు. ఎనిమిది రోజులకే లానో నది కింగ్స్‌లాండ్ దగ్గర వంతెనను కూల్చేసింది. 2025 జులై 4 తెల్లవారుజామున కెర్ కౌంటీలో గ్వాడలూపే నది ఒక గంట కూడా గడవకుండా ఇరవై అడుగులకు పైగా లేచింది. పిల్లల వేసవి క్యాంపులతో పాటు ఆర్‌వీ పార్కులూ కొట్టుకుపోయాయి. నిద్రపోతున్న వాళ్లకు బండి స్టార్ట్ చేసే వ్యవధి కూడా దొరకలేదు. ఆర్‌వీ అంటే నీళ్లలో తేలే తేలికపాటి పెట్టె. కరెంటు, నీటి హుకప్‌లు తగిలించి, పక్కలకు స్లయిడ్‌లు బయటికి తీసి పెట్టిన బండిని చీకట్లో, వానలో అయిదు నిమిషాల్లో కదిలించలేరు.

మీ వాగు ఎండాకాలంలో మోకాలు కూడా తడవని వాగే కావచ్చు. అయినా దాని ఒడ్డున ఒక్క సైటు కూడా పెట్టకండి. చూడటానికి అదే అందమైన చోటు, అతిథులు అడిగేదీ అదే. వాళ్లను పగలు నడిచి వెళ్లనివ్వండి, రాత్రి పడుకోనివ్వకండి. కేంద్ర విపత్తు సంస్థ ఫీమా వరద మ్యాపులో మీ భూమిని వెతకండి. కౌంటీలో ఫ్లడ్‌ప్లెయిన్ అనుమతులు చూసే అధికారిని కలవండి. మ్యాపులో గీత ఎక్కడున్నా, 1988 నుంచీ ఆ వాగును చూస్తున్న అమ్మనూ, ఆవులు మేపే రైతునూ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడిగి, ఆ గుర్తుకు బాగా పైన ఉండండి.

మెరక మీదికి రాగానే మీ 24 అంకె దానంతటదే తగ్గుతుంది. ఎన్ని బళ్లు పడతాయన్నది స్థలం చెప్పదు, నీళ్లూ మురుగూ చెబుతాయి.

అమెరికా తాగునీటి చట్టం ప్రకారం 15 కనెక్షన్లకు నీళ్లిచ్చినా, ఏడాదిలో 60 రోజుల పాటు రోజుకు 25 మందికి తాగునీళ్లిచ్చినా, మీది ఇంటి బోరు కాదు, పబ్లిక్ నీటి వ్యవస్థ. క్రమం తప్పని పరీక్షలు, క్లోరినేషన్, రాష్ట్ర పర్యావరణ సంస్థ టీసీఈక్యూ అనుమతులు, బోరు చుట్టూ 150 అడుగుల రక్షణ పరిధి అన్నీ మీద పడతాయి. కనెక్షన్లు పద్నాలుగే ఉన్నా, తలల లెక్కలో దొరికిపోవచ్చు. పైగా మీది గ్రానైటు నేల. ఆ రాతిలో నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి. అమ్మకు, రెండు బకెట్ల మొక్కలకు చాలిన బోరు, ఆగస్టులో ఇరవై కుటుంబాల స్నానాలకు చాలుతుందన్న నమ్మకం లేదు. బోరు తవ్వే వాళ్లతో దిగుబడి పరీక్ష చేయించండి, అదీ ఎండల్లో.

మురుగు ఇంకా కష్టం. ఆర్‌వీ ట్యాంకులో నీళ్లు తక్కువ, మలినం చిక్కన. ఇంటి మురుగు కంటే చాలా ఘాటుగా ఉంటుంది. వాసన రాకుండా అందులో పోసే రసాయనాల్లో కొన్ని, సెప్టిక్ ట్యాంకులో మురుగును జీర్ణం చేసే సూక్ష్మజీవులనే చంపేస్తాయి. కాబట్టి ఇంటి సెప్టిక్‌కు నాలుగు పైపులు కలిపేస్తే సరిపోతుందనుకోవద్దు. టెక్సస్‌లో ఒక స్థలంలో రోజుకు 5,000 గ్యాలన్ల మురుగు వరకు ఆన్‌సైట్ సెప్టిక్ నిబంధనలు వర్తిస్తాయి. దాటితే మురుగునీటి ప్లాంటు స్థాయి అనుమతి కావాలి, దాని ఖర్చు వేరే లోకం. ఇంకో సంగతి, రాతి పగుళ్లలోకి దిగిన మురుగును వడకట్టే మట్టి ఉండదు. అది చేరేది అమ్మ తాగే బోరులోకే. లోను కాగితాల కంటే ముందు లైసెన్సున్న సైట్ ఎవాల్యుయేటర్‌ను పిలిచి గోతులు తీయించి నేల చూపించండి. ఆయన ఇచ్చే ఒక్క కాగితం మీ స్ప్రెడ్‌షీటు మొత్తాన్ని తిరగరాస్తుంది.

కరెంటు సంగతి మీ కోఆపరేటివ్ చెబుతుంది. సైటు దగ్గర బండికి కరెంటిచ్చే 50 ఆంపుల పెడెస్టల్ ఒక్కోటి 12,000 వాట్ల దాకా ఇవ్వగలగాలి. అందరూ ఒకేసారి అంత వాడరు నిజమే, కానీ ఆగస్టు మధ్యాహ్నం ఏసీలన్నీ ఒకేసారి తిరుగుతాయి. దారి విషయంలో, పెద్ద బళ్లు 45 అడుగుల పొడవు, పదమూడున్నర అడుగుల ఎత్తు ఉంటాయి. వెనక్కి తీసే అవసరం లేకుండా నేరుగా లోపలికి వచ్చి నేరుగా వెళ్లిపోయే సైట్లు వేయండి. కొమ్మలు కొట్టాల్సి వస్తుంది. ఓక్ విల్ట్ తెగులు వ్యాపించే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మాత్రం ఓక్ చెట్ల మీద కత్తి పెట్టకండి.

మీ 3,94,200 డాలర్ల లెక్క, ప్రతి సైటూ ప్రతి రాత్రీ నిండితే వచ్చేది. బ్లూబానెట్లు పూసే మార్చి, ఏప్రిల్ శనివారాల్లో, నవంబరులో జింకల వేట మొదలైనప్పుడు నిండుతాయేమో. జనవరి మంగళవారం ఎవరొస్తారు? వందకు ముప్ఫై రాత్రులు నిండాయనుకుంటే 1,18,260 డాలర్లు. అందులోంచి బీమా, కరెంటు, నీటి పరీక్షలు, మురుగు తోడే లారీ, మనిషి జీతం, అప్పు వాయిదా. కోవిడ్ తర్వాతి ఊపు చూసి చాలామంది ఇందులో దిగారు. ఉత్తర అమెరికాలో 2021లో ఫ్యాక్టరీల నుంచి దాదాపు 6 లక్షల ఆర్‌వీలు బయటికొచ్చాయి, 2023 నాటికి ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఉద్యోగం మానకండి.

ఆవులు మేస్తున్నందుకు మీ భూమికి వ్యవసాయ వాల్యుయేషన్ ఉంది, అందుకే పన్ను తక్కువ. సైట్లు వేసిన ముక్కకు అది పోతుంది. వెనకటి మూడేళ్ల పన్ను తేడా కూడా కట్టమంటారు. ఆ ముక్కను సర్వే చేయించి విడిగా చూపిస్తే మిగతా మేత భూమి నిలబడుతుంది. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లి ముందే మాట్లాడండి. ఆ రైతుకు కూడా ముందే చెప్పండి, కంచె తెరిచాక కాదు.

ఇప్పుడు అమ్మ దగ్గరికి వస్తాను. ఆమె అక్కడ ఒంటరిగా ఉందని మీ అందరి బెంగ. కానీ ఆమె ఎంచుకున్న ఒంటరితనం అది. మీ ప్లానులో ఆ ఇంటి ముందు నుంచి రోజుకో ఇరవై బళ్లు పోతాయి, రాత్రి పదకొండుకు ఎవరో తలుపు కొట్టి బ్రేకర్ పడిపోయిందంటారు. మీరుండేది గంటకు పైగా దూరంలో. లేచి వెళ్లేది ఎవరు? నెలల తరబడి ఉండే పనివాళ్ల బళ్లు వస్తే ఆదాయం నిలకడగా ఉంటుంది, కానీ అప్పుడు అది క్యాంపు కాదు, అమ్మ పక్కన కొత్త కాలనీ. ఇంకో వైపు చూస్తే, ఆమెకు మనుషులంటే ఇష్టమేమో. గ్రహణం నాటి మూడు రోజులూ ఆమె ఆనందంగా గడిపిందో, మీరు వెళ్లాక ఊపిరి పీల్చుకుందో నాకు తెలియదు. మీరు గమనించారా? ఒక వారం సెలవు పెట్టి వెళ్లండి. స్ప్రెడ్‌షీటు తీసుకెళ్లకండి. ఆమె వండింది తిని, ఆమెతో పొలమంతా నడిచి, ఏ చోట మనుషులొస్తే పర్లేదో, ఏ చోటికి ఎవరూ రాకూడదో ఆమెనే చూపించమనండి. వద్దంటే అక్కడితో ఆపేయండి. అది ఆమె ఇల్లు.

సరేనంటే, ఇంటికి కనపడనంత దూరంలో, మెరక మీద, వేరే గేటుతో నాలుగైదు సైట్లు వేయండి. మొదటి ఏడాది నీళ్లూ సీవరూ ఇవ్వకండి. సొంత ట్యాంకులతో వచ్చి, అవి నింపుకుని వెళ్లిపోయే బళ్లనే తీసుకోండి. హిప్‌క్యాంప్ లాంటి బుకింగ్ వెబ్‌సైట్‌లో పెడితే ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో తక్కువ ఖర్చుతో తెలుస్తుంది. భూమి అమ్మ పేరునే ఉండాలి. మీరు ఒక ఎల్ఎల్‌సీ పెట్టి, ఆ ముక్కను ఆమె దగ్గర లీజుకు తీసుకుని, నెలనెలా అద్దె ఆమె ఖాతాలో వేయండి. ఆ లీజు కాపీ అక్కకూ అన్నయ్యకూ పంపండి. అమ్మ తర్వాత భూమి ఎవరికి ఎలా వెళ్లాలో ఆమె ఇప్పుడే విల్లు రాస్తే మంచిది. లేకపోతే అప్పుడు నిజంగానే మీ ముగ్గురికీ విడదీయని వాటాలు వస్తాయి, ఎవరు కోర్టుకెళ్లినా పంపకం అడగొచ్చు.

ఇంటి బీమా ఈ వ్యాపారాన్ని కాపాడదు. క్యాంపుగ్రౌండ్‌లకు ఇచ్చే లయబిలిటీ పాలసీ వేరేగా ఉంటుంది. అది చేతికొచ్చేదాకా, స్నేహితుడి బండి అయినా సరే, డబ్బు తీసుకుని గేటు తీయకండి.